తూర్పు తిమోర్‌లో ప్రొటెస్టంట్ సంఘం: దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పండి

రాజేష్_గుంటూరు: మొన్న ఆదివారం మా పాస్టర్ గారు ప్రార్థనలో తూర్పు తిమోర్ పేరెత్తారు. 2002లో స్వాతంత్ర్యం వచ్చిన దేశం, జనమంతా దాదాపు కాథలిక్కులేనట. అక్కడ మన ప్రొటెస్టంట్ సంఘం ఎలా నిలబడింది?

మణి_దిలీ: నేను పని మీద అక్కడి రాజధాని దిలీలోనే ఉంటున్నాను అన్నా. ప్రొటెస్టంట్లు జనాభాలో రెండు శాతం దాకా ఉంటారు. 1975 నుంచి 1999 దాకా సాగిన ఇండోనేషియా ఏలుబడిలో ఈ సంఘంలో చాలామంది బయటి నుంచి వచ్చిన సైనికులు, ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలే. 1999 ఆగస్టు 30న ఇండోనేషియాతో ఉండాలా విడిపోవాలా అని రెఫరెండం జరిగింది, ఆ వెంటనే హింస, వాళ్లంతా వెళ్లిపోయారు, గుళ్లు ఖాళీ అయ్యాయి. పైగా అది ఇండోనేషియా వాళ్ల మతమన్న ముద్ర. అది అన్యాయం, ఎందుకంటే ఆ సెప్టెంబరులోనే సంఘ పెద్ద, తిమోర్ బిడ్డ అయిన రెవరెండ్ ఫ్రాన్సిస్కో వాస్కోన్సెలోస్‌ని ఇండోనేషియా పక్షపు సాయుధ ముఠా, అంటే మిలీషియా, చంపేసింది.

కల్యాణి_డార్విన్: ఇక్కడ మా పక్కింటివాళ్లు తిమోర్ నుంచి వచ్చినవాళ్లే. 1975 నాటికి అక్కడ కాథలిక్కులు మూడో వంతుకు మించి లేరు. ఇండోనేషియా వచ్చాక ప్రతి ఒక్కరూ గుర్తింపు ఉన్న మతం ఏదో ఒకటి రాయించుకోవాల్సి వచ్చింది, కాథలిక్ చర్చి జనం పక్షాన నిలబడింది, దాంతో ఊళ్లకు ఊళ్లు అటే వెళ్లాయి. అక్కడి కాథలిక్ బిషప్ బెలోకి 1996లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది కదా.

ఒంగోలు_శామ్యూల్: మా వైపు 1878 కరువు తర్వాత అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లాఫ్ దొర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించారు. కష్టకాలంలో పక్కన నిలిచినవాళ్ల వెంటే జనం నడుస్తారు, అక్కడా అదే జరిగినట్టుంది. మరి ప్రొటెస్టంట్లకి పట్టు ఎక్కడుంది మణీ?

మణి_దిలీ: అటౌరో దీవిలో సార్. అక్కడ ఎక్కువమంది ప్రొటెస్టంట్లే, ఇండోనేషియా రాకముందు నుంచీ. శనివారం బెలోయ్‌లో సంత, మర్నాడు ఆరాధన. కొత్తవాళ్లు వెళ్తే మెడలో తైస్ వేస్తారు, చేత్తో నేసిన గుడ్డ. నేను వెళ్లినప్పుడు చేపలు పట్టేవాళ్లు, టీచర్లు, పిల్లలు అందరూ తిమోర్ భాష తేతున్‌లో పాడుతుంటే ఇది బయటివాళ్ల సంఘమని ఎవరూ అనలేరనిపించింది. పెరగడమంటే నాకు కనిపించింది ఇదే, తలల లెక్క తర్వాత.

రాజేష్_గుంటూరు: మా సంఘం సాయం చేయాలనుకుంటే?

మణి_దిలీ: బోధకుల్ని పంపొద్దన్నా. అక్కడి కుర్రాళ్లు పాస్టరు చదువుకి ఇప్పటికీ ఇండోనేషియాలోని కుపాంగ్ దాకా వెళ్తుంటారు, ఆ ఖర్చు ఇళ్లవాళ్లకి మోయలేనంత. చేతనైతే ఒకరిద్దరి ఫీజు కట్టండి, ఎవరిని పంపాలో అక్కడి సంఘమే చెప్తుంది.