పీజీలో ఒకరి తర్వాత ఒకరికి వాంతులు, విరేచనాలు. శానిటైజర్ వాడుతున్నా ఎందుకు ఆగట్లేదు?

మారతహళ్లి కుర్రాడు:

అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్ళే నడిపే ఒక పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్) ఉంటున్నా, ముగ్గురం ఒక రూమ్. పోయిన వారం మా రూమ్మేట్‌కి అర్ధరాత్రి వాంతులు పట్టుకున్నాయి, తెల్లారేసరికి విరేచనాలు కూడా. బయట తిన్న ఎగ్ రైస్ పడలేదేమో అనుకున్నాం. వాడు లేచి కూర్చునేలోపు ఇంకొకడు పడ్డాడు, తర్వాత ఎదురు రూమ్ వాళ్ళు, ఇప్పుడు కింద ఫ్లోర్‌లో కూడా మొదలైంది. నాకింకా రాలేదు, కానీ కడుపులో చిన్న శబ్దం వచ్చినా టెన్షన్ వచ్చేస్తోంది.

ఓనర్ని అడిగితే "భోజనాల హాల్ గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టించాం కదా, ఇంకేం చెయ్యమంటావ్" అంటాడు. నిజమే, పెట్టారు, అందరం వాడుతున్నాం కూడా. సబ్బుతో కడుక్కుందామంటే ఇక్కడ బోరు నీళ్ళు, బాగా ఉప్పు. సబ్బు ఎంత అరగదీసినా నురగ రాదు, తెల్లటి తెట్టు మాత్రం చేతికి జిగురులా అంటుకుంటుంది. వాష్‌బేసిన్ పక్కన మేకుకి ఒక టవల్ ఉంటుంది, కొన్నప్పుడు ఏ రంగో ఇప్పుడు చెప్పడం కష్టం.

అసలు శానిటైజర్ పనిచేస్తుందా లేదా? ఈ నీళ్ళతో కడుక్కుని లాభముందా? పీజీ మారిపోదామంటే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరు, అదో కథ.

ల్యాబ్ అమ్మాయి:

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను. పరీక్ష చెయ్యకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పలేను గానీ మీరు రాసిన వరసలోనే ఒక సంగతి ఉంది. కూరో నీళ్ళో పాడైతే సాధారణంగా తిన్నవాళ్ళందరూ ఇంచుమించు ఒకే పూట పడిపోతారు. మీ దగ్గర ఒకడు, ఒకట్రెండు రోజులకి పక్కవాడు, తర్వాత ఎదురు రూమ్ అంటున్నారు. అంటే మనిషి నుంచి మనిషికి పాకుతున్నట్టుంది. అలా పాకే వాటిలో మొదట గుర్తొచ్చేది నోరోవైరస్. ఒంట్లోకి వెళ్ళాక 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది, ఈలోగా హాస్టల్ మొత్తాన్ని చుట్టేస్తుంది. చాలా కొద్దిపాటి వైరస్ కణాలు లోపలికి వెళ్ళినా చాలు, అందుకే అంత స్పీడు.

శానిటైజర్ సంగతి. ఫ్లూ, కరోనా లాంటి వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, 60 శాతం పైన ఆల్కహాల్ ఉంటే ఆ పొర చెదిరిపోయి వైరస్ పనికిరాకుండా పోతుంది. నోరోవైరస్‌కి ఆ పొరే లేదు, కాబట్టి శానిటైజర్‌ని పెద్దగా లెక్కచెయ్యదు. సబ్బు కూడా దాన్ని చంపదు, నిజం చెప్పాలంటే. రుద్దినప్పుడు చర్మం నుంచి ఊడొస్తుంది, నీళ్ళతో పాటు సింకులోకి పోతుంది, అంతే. కాబట్టి రుద్దడం, ధారగా నీళ్ళు పోసి కడగడం, ఈ రెండూ ముఖ్యం. 20 సెకన్లు అనేది ఊరికే చెప్పే మాట కాదు. అందరూ అరచేతులు రుద్దేసి వెళ్ళిపోతారు, బొటనవేళ్ళు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద అలాగే ఉండిపోతుంది. చన్నీళ్ళయినా పర్లేదు, గీజర్ అక్కర్లేదు.

ఉప్పు నీళ్ళకి మందు సులువే. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. బాటిల్‌లో వచ్చే లిక్విడ్ హ్యాండ్‌వాష్‌లు చాలావరకు షాంపూ తరహా సరుకు, ఉప్పు నీళ్ళలో కూడా బాగానే పనిచేస్తాయి. రీఫిల్ ప్యాకెట్ కొనుక్కోండి, యాంటీబాక్టీరియల్ అని రాసినదానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. ట్రైక్లోసాన్ లాంటి క్రిములను చంపే రసాయనాలు కలిపితే మామూలు సబ్బు కంటే మేలని కంపెనీలు చూపించలేకపోయాయని అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే వాటిని హ్యాండ్‌వాష్‌లలో ఆపేసింది.

ఆ టవల్‌ని మాత్రం ఈరోజే తీయించండి. కడిగిన చేతిని దానికి తుడిస్తే కడగనట్టే. ఎవరి కర్చీఫ్ వాళ్ళది.

సిల్క్‌బోర్డ్ సీనియర్:

తమ్ముడూ, నేను బెంగళూరు పీజీల్లో చాలా ఏళ్ళు తిన్నవాణ్ణి, ల్యాబ్ మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఈ పూట భోజనం దగ్గర నిలబడి సాంబారు గరిటెని చూడు. మొదటిసారి అందరూ కుడిచేత్తోనే వడ్డించుకుంటారు. రెండోసారికి కుడిచెయ్యి ఎంగిలి కదా, మనకి చిన్నప్పట్నుంచీ ఎంగిలి చేత్తో గరిటె ముట్టుకుంటే వీపు పగిలేది, కాబట్టి మర్యాదగా ఎడమచేత్తో పట్టుకుంటాం. ఆ ఎడమచెయ్యి పొద్దున ఎక్కడెక్కడ పని చేసిందో నేను వేరే చెప్పాలా? దాన్ని సరిగ్గా కడగనివాడు ఒక్కడుంటే చాలు, గరిటె కాడ మీదుగా వెనక లైన్ మొత్తానికి పంపకం అయిపోతుంది. ఇంట్లో అమ్మ ఒక్కతే వడ్డిస్తుంది కాబట్టి ఆ పద్ధతి సరిపోయింది, ఎవరికి వాళ్ళు వడ్డించుకునే చోట కుదరదు.

మా పాత పీజీలో ఇలాగే జరిగితే అందరం గొడవ చేసి వడ్డించడానికి ఒక అబ్బాయిని పెట్టించాం. పెరుగు గిన్నెలో గ్లాసు ముంచడం కూడా బంద్. దర్శినిల్లో, అదే ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటళ్ళలో, స్పూన్లు వేడినీళ్ళ డబ్బాలో వేసి ఉంచుతారు చూడు, మీవాళ్ళు కూడా అలా పెట్టారేమో, ఆ నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక దాన్ని నమ్మకు.

నెల్లూరు పీజీ అన్న:

నేనూ పీజీ నడుపుతున్నా, కుందలహళ్లి వైపు. ఓనర్లనే తిడతారు గానీ మా బాధ కూడా వినండి. హ్యాండ్‌వాష్ బాటిల్ పెడితే సాయంత్రానికి ఎవడి బకెట్లోకో వెళ్ళిపోతుంది. చివరికి గోడకి స్క్రూలతో బిగించే డబ్బా పెట్టించా, పెద్ద క్యాన్ తెచ్చి నింపుతున్నాం. ఓనర్‌తో గొడవగా కాకుండా ఇలా అడిగి చూడు, ఖర్చు పెద్దగా లేదు, జబ్బు పేరు చెప్పి మనుషులు ఖాళీ చేసి పోతే నష్టం మాకే.

ఒక డౌట్ మేడమ్. మా వంటాయనకి కూడా ఇలాగే ఒకసారి విరేచనాలయ్యి, తగ్గిన మర్నాడే పనిలోకి వచ్చాడు. రానివ్వకపోతే ఇంతమందికి వండేదెవరు?

ల్యాబ్ అమ్మాయి:

అన్నా, తగ్గాక కనీసం రెండు రోజులు వంట గదిలోకి రానివ్వకూడదు. నోరోవైరస్ అయితే ఒంట్లో తేలిగ్గా అనిపించినా మలంలో వారాల తరబడి పోతూనే ఉంటుంది. ఆ రెండు రోజులూ జీతం కొయ్యరని ఆయనకి తెలియాలి, లేకపోతే జబ్బు దాచిపెట్టి మరీ వస్తాడు, ఆయన తప్పు కాదది. వందేళ్ళ కిందట న్యూయార్క్‌లో మేరీ మలన్ అనే వంటమనిషి ఉండేది. తనకి ఏ జబ్బు లక్షణమూ లేదు, ఒంట్లో మాత్రం టైఫాయిడ్ క్రిములు. అధికారులు పట్టుకుని విడిగా ఉంచారు, ఇక వంట చెయ్యనని ఒప్పుకున్నాక 1910లో వదిలేశారు. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ వస్తే, వంటగదిలో వేరే పేరుతో ఈవిడే దొరికింది. మరి ఆవిడకి వంట తప్ప అంత జీతం వచ్చే పని రాదు.

మారతహళ్లి కుర్రాడు:

అందరికీ థ్యాంక్స్. రాత్రి భోజనం దగ్గర గరిటె చూశా, సీనియర్ అన్న చెప్పినట్టే ఉంది, ఒక్కడు కూడా తప్పించుకోలేదు 😂 నవ్వొచ్చింది గానీ పెరుగన్నం తినబుద్ధి కాలేదు. టవల్ తీసేశాం. హ్యాండ్‌వాష్ మా ఫ్లోర్ వాళ్ళం చందా వేసుకున్నాం, డబ్బా సంగతి ఓనర్‌తో మాట్లాడుతా. ఇంకో డౌట్, రూమ్మేట్ బాత్‌రూమ్‌లో కక్కిన చోట ఫినాయిల్ పోశాం, సరిపోతుందా? వాడు మెడికల్ షాపులో దొరికే జ్యూస్ లాంటి ఓఆర్ఎస్ డబ్బాలు తాగుతున్నాడు, అది ఓకేనా?

ల్యాబ్ అమ్మాయి:

ఫినాయిల్‌తో వాసన పోతుంది, ఈ వైరస్ విషయంలో దాన్ని నమ్ముకోలేం. ముందు పాత పేపర్‌తో తుడిచి కవర్లో కట్టి పడేసి, తర్వాత బ్లీచ్ నీళ్ళు పోసి కాసేపు వదిలి కడగాలి. కుళాయి తిప్పేది, ఫ్లష్ బటన్, తలుపు గొళ్ళెం కూడా. గ్లౌజులు లేకపోతే చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో బ్లీచ్ కలిపారంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసిన బాత్‌రూమ్‌లో అది మామూలు ప్రమాదం కాదు, ఒకటి వాడిన పూట రెండోది ముట్టుకోకండి.

జ్యూస్ డబ్బాలు వద్దు, అందులో చక్కెర ఎక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో అలాంటి వాటి మీద ఓఆర్ఎస్ అనే మాట రాయకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశాలిచ్చింది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ కొనండి, లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్ళలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేసుకోవడం కాదు. మలంలో రక్తం పడ్డా, జ్వరం ఎక్కువగా ఉన్నా, మూత్రం రావడం తగ్గి లేస్తే కళ్ళు తిరుగుతున్నా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, దగ్గర్లో నమ్మ క్లినిక్ (ఇక్కడి ప్రభుత్వ చిన్న ఆసుపత్రి) ఉందేమో చూడండి.

సిల్క్‌బోర్డ్ సీనియర్:

చందా వేసుకున్న బాటిల్ మీద రూమ్ నంబర్ రాసిపెట్టు తమ్ముడూ. నెల్లూరు అన్న చెప్పింది వంద శాతం నిజం, మా పీజీలో బకెట్లే మాయమయ్యేవి.