‘మానుకు’నా, ‘మానుక’నా? సొంత లాభం దగ్గర చెయ్యి ఆగిపోయింది

కిమిడి అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా పొదుపు సంఘాల వాళ్లకి రెండు పేజీల పాఠం రాస్తున్నాను. పేద దేశాల్లో నీళ్లు, కరెంటు, బడులు లాంటి వాటికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది, ప్రభుత్వాల సొమ్ముకి ప్రైవేటు సొమ్ము ఎలా జతపడుతుంది అని. పైన గురజాడ వారి ‘సొంత లాభం కొంత... పొరుగువాడికి తోడుపడవోయ్’ పాదం పెడదామంటే చెయ్యి ఆగిపోయింది. నేను చదివింది ఒడియా మీడియం, ఈ పాట మా మామ్మ నోట విన్నదే. ఆవిడ ‘కొంత మానుక’ అనేది. నిన్న ఇక్కడ ఒక బడి గోడ మీద చూస్తే ‘సొంత లాభం కొంత మానకు’ అని ఉంది. నీలం రంగు పెద్ద అక్షరాలు, ‘న’కి కొమ్ము లేదు. అప్పట్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. ఏది సరి?

గుణుపురం మాస్టారు:
గోడ తప్పమ్మా. కొమ్ము ఎగిరిపోతే అర్థం తలకిందులైపోయింది, ‘మానకు’ అంటే వదులుకోవద్దనేగా! ‘మానుకు’. తీసుకు రా, పట్టుకు పో లాంటిదే. ‘మానుకొని’ అని సాగదీస్తే ఏడు మాత్రలు దాటి నడక విరుగుతుంది. ఇందులో చర్చకేమీ లేదు.

బరంపురం పాతకాపు:
ఉంది మాస్టారూ. ‘మానుక’ అన్నా ఏడే కదా, ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. ‘పట్టుక పో’ అనే పెద్దవాళ్లు మా ఇంట్లోనే ఉండేవారు. ఆ అమ్మాయి మామ్మగారి మాట అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ఆ మాటకొస్తే ‘స్వంత’ని ‘సొంత’ అని ఎవరు మార్చారో కూడా తేలాలి.

నాకు మాత్రం అసలు చిక్కు ‘కొంత’ దగ్గరే. కొంత అంటే ఎంత? 1970లో ఐక్యరాజ్యసమితి దానికి అంకె వేసింది, ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని. నార్వే, స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్ లాంటి కొన్ని దేశాలు ఆ గీత దాటి చూపించాయి, ఎక్కువ దేశాలు దాటనే లేదు. కవి ‘అంతా’ అనలేదు, ‘కొంత’ అన్నాడు. ఆ కొంతకే ఇంత బరువైతే ఎలా?

రాయగడ బ్యాంకాయన:
పాతకాపు గారూ, నన్నడిగితే గోడ మీది తప్పులోనూ ఒక నిజం ఉంది. ప్రైవేటు పెట్టుబడి ‘మానకు’ దారిలోనే నడుస్తుంది, లాభం కనిపించనిచోట అడుగు పెట్టదు. అందుకే ప్రభుత్వాలూ అభివృద్ధి బ్యాంకులూ ముందు ‘మానుకుంటాయి’. వడ్డీ తగ్గించుకుంటాయి, నష్టమొస్తే మొదటి దెబ్బ మేమే తింటాం అని హామీ ఇస్తాయి. అప్పుడు ప్రైవేటు వాళ్లు వస్తారు. అభివృద్ధికి డబ్బు ఎలా అన్న విషయం మీద 2015లో ఐక్యరాజ్యసమితి అడిస్ అబాబాలో జరిపిన సదస్సు నాటికి ఈ దారిన వందల కోట్ల డాలర్లు లక్షల కోట్లవుతాయని పెద్ద ఆశ. 2025లో స్పెయిన్‌లోని సెవిల్లేలో మళ్లీ అదే సదస్సు జరిగేసరికి, ఈ దేశాల అభివృద్ధికి కావలసిన డబ్బులో లోటే ఏడాదికి 4 లక్షల కోట్ల డాలర్లని లెక్క. మరీ పేద దేశాలకి ఆ ప్రైవేటు సొమ్ము చేరింది చాలా తక్కువ. అమ్మాయి పాఠంలో ఇది దాచకుండా రాయాలని నా కోరిక.

గుణుపురం మాస్టారు:
అయ్యా, ‘తోడుపడవోయ్’ అన్నాడు, ‘దానం చెయ్యవోయ్’ అనలేదు. తోడుపడటం అంటే పక్కన నిలబడి బరువు పట్టడం. మీరు చెప్పిన హామీలన్నీ ఆ మాటలోనే ఉన్నాయి.

కిమిడి, అదే మన పర్లాకిమిడి, అంటే నాకు గిడుగు రామమూర్తి గారే గుర్తొస్తారు. గురజాడ వారితో విజయనగరంలో కలిసి చదువుకున్నవారు, కిమిడి రాజావారి బడిలో మాస్టారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవరలకి బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో బడి పెట్టండి అన్నారట! 1936లో కిమిడి ఒడిశాలోకి వెళ్లాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

బరంపురం పాతకాపు:
బడి ఒక్కటేనా, 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలు కూడా రాజావారి సొమ్ముతోనే. తర్వాత అది ప్రభుత్వ రైల్వేలో కలిసింది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ కూడా అయింది. మొదట ఒకరు తెగించి సొమ్ము పెట్టడం, తర్వాత ప్రభుత్వం నిలబెట్టడం మనూళ్లో చూసిన పనే.

కిమిడి అమ్మాయి:
మాస్టారూ, గిడుగు వారి సంగతి పాఠంలో తప్పకుండా పెడతాను, మా సంఘంలో సవర అక్కలు నలుగురున్నారు. రేపు పెయింటర్‌ని తీసుకెళ్లి గోడ మీద ‘న’కి కొమ్ము పెట్టిస్తాను. ‘కు’ కొమ్ము మాత్రం ఉంచాలా, చెరపాలా? మా మామ్మ మాట మీద నాకింకా మనసు లాగుతోంది.

బరంపురం పాతకాపు:
చెరిపించమ్మా.

గుణుపురం మాస్టారు:
తొందరపడకు తల్లీ. పాత అచ్చు ఒకటి చూసేదాకా ఆ కొమ్ము జోలికెళ్లకు.