“తప్పు జరిగిపోయింది” అంటే ఒప్పుకోలు అవుతుందా?

సికింద్రాబాద్ సహోదరుడు:
అందరికీ వందనములు. బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో సరుకుల కొనుగోలు చూసే నేను, రెండేళ్లలో ఒక వ్యాపారి దగ్గర బిల్లుకింత చొప్పున మొత్తం 40 వేల రూపాయలు తీసుకున్నాను. ఆ మేరకు ధర పెరిగి, భారం యజమాని మీద పడింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు కూడికలో మనసు గద్దించగా, “ప్రభువా, సాతాను శోధించడంవల్ల తప్పు జరిగిపోయింది, క్షమించు” అని ఏడ్చి ప్రార్థించాను. నెల గడిచినా నెమ్మది లేదు. నా ఒప్పుకోలులో లోపమేమిటి?

తార్నాక, సండే స్కూలు ఉపాధ్యాయురాలు:
సహోదరా, మీ ప్రార్థనలో శోధించినవాడు ఉన్నాడు, జరిగిపోయిన తప్పు ఉంది, చేసినవాడు మాత్రం ఎక్కడా కనబడడు. చెయ్యి జారిందనీ, నోరు జారిందనీ, బుద్ధి గడ్డి తిన్నదనీ చెప్పి తప్పించుకునే సదుపాయం మన భాషలో కావలసినంత ఉంది. ఆదాము స్త్రీని, స్త్రీ సర్పాన్ని చూపిన సంగతి అందరికీ తెలిసినదే కానీ, నాకు మోషే అన్న అహరోను మాట మరీ విడ్డూరంగా తోస్తుంది: నిర్గమకాండము 32వ అధ్యాయంలో తానే పోగరతో (చెక్కే పనిముట్టుతో) రూపమిచ్చి చేసిన దూడ గురించి మోషే నిలదీసేసరికి, బంగారాన్ని అగ్నిలో వేస్తే ఈ దూడ అయిందన్నాడు. (ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు.) పరాయివాని భార్య బత్షెబతో చేసిన పాపాన్ని ప్రవక్త నాతాను నిలదీసినప్పుడు దావీదు రాజు మాత్రం “నేను పాపము చేసితిని” అని ఊరుకున్నాడు, ఆమె పేరు ఎత్తలేదు.

ఉప్పల్ సహోదరుడు:
పాపములోనే తల్లి నన్ను గర్భము ధరించెనని 51వ కీర్తన చెబుతున్నది కదా. పుట్టుకతో వచ్చిన స్వభావానికి ఇంతగా నిందించుకోవడం, దేవుని కృపను వదిలి మన సొంత క్రియల మీద ఆధారపడటం కాదా?

మల్కాజ్‌గిరి, సంఘ పెద్ద:
అదే కీర్తనలో అంతకు ముందే దావీదు తన అతిక్రమములు తనకు తెలిసే ఉన్నవన్నాడు, కాబట్టి ఆ వచనాన్ని సాకుగా చదవడానికి వీలులేదు. ఇక ప్రశ్న అడిగిన సహోదరునికి ఒక మాట. సంఖ్యాకాండము 5:7 ప్రకారం, ఒప్పుకొన్నవాడు నష్టపరిచినదానికి అయిదవ వంతు కలిపి నష్టపోయినవానికే చెల్లించాలి. మీ లెక్కలో అది 48 వేలు. సుంకం వసూలుచేసే జక్కయ్య అయితే, తాను అన్యాయంగా తీసుకున్నదానికి, గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవానికి ధర్మశాస్త్రం విధించిన నాలుగంతలను ఎవరూ పట్టుకోకుండానే తన మీద వేసుకున్నాడు. ఇది క్షమాపణకు వెల కాదు, క్రీస్తు చెల్లించినదానికి మనం కలిపేదేమీ లేదు. కానీ సొమ్ము మాత్రం యజమానిదే. ఉద్యోగం పోవచ్చు, కేసు కూడా కావచ్చు, ఇంట్లో ముందుగా చెప్పి వెళ్లండి.

సికింద్రాబాద్ సహోదరుడు:
నా భార్యకు నిన్న రాత్రి చెప్పాను. ఆ వ్యాపారి పేరు కూడా యజమానికి చెప్పాలా, పెద్దలారా?

మల్కాజ్‌గిరి, సంఘ పెద్ద:
అడిగితే దాచకండి. అయితే ఆ పేరుతో మొదలుపెట్టకండి.