క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైన ఉండే రేకు) మీద అరచేయంత దెబ్బ, అంతవరకే పెయింట్ వేయించుకోవచ్చా?

సెల్లార్ పిల్లర్ (హైదరాబాద్)

అందరికీ నమస్తే. మాది 2015 డిజైర్, సిల్కీ సిల్వర్ రంగు. మొన్న సెల్లార్‌లో రివర్స్ తీస్తుంటే ఎడమవైపు వెనక చక్రం పైభాగం పిల్లర్‌కి రాసుకుంది (ఆ పిల్లర్ పదేళ్ళుగా అక్కడే ఉంది, దాన్నేం అనడానికి లేదు). చక్రం పైన ఆర్చ్ అంచు కొంచెం లోపలికి నొక్కుకుపోయింది, దాని పైన అరచేయంత మేర గీతలు పడ్డాయి, మధ్యలో ఐదు రూపాయల బిళ్ళంత చోట పెయింట్ పూర్తిగా లేచిపోయి రేకు కనిపిస్తోంది. వెనక బంపర్ మూల కూడా తెల్లగా చారలు తేలింది.

రెండు టింకరింగ్ షెడ్లలో అడిగాను. ఒకాయన క్వార్టర్ ప్యానెల్ మొత్తం కొట్టాల్సిందే, పైన రూఫ్ దాకా పోతుంది, బంపర్‌తో కలిపి తొమ్మిది వేలు అన్నాడు. ఇంకొకాయన బండి చుట్టూ కూడా తిరగలేదు, "అంతవరకే టచప్ కొట్టేస్తా, పదిహేను వందలు, సాయంత్రానికి వచ్చి తీసుకుపోండి" అన్నాడు. ఇద్దరిలో ఎవరు నన్ను ముంచుతున్నారో అర్థం కావట్లేదు. వీడియోల్లో చూస్తే ఒక స్ప్రే డబ్బా, రెండు కాగితాలు, పది నిమిషాల పని అన్నట్టు ఉంది. ఇన్సూరెన్స్ ఉంది, ఇప్పటిదాకా ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. ఏం చేయమంటారు?

ఆదివారం మెకానిక్ (వరంగల్)

వీడియో చూసి చేద్దామనుకుంటున్నారా, అయితే నా కథ చదివి తర్వాత మీ ఇష్టం.

నాది తెల్ల బండి, ముందు డోర్ మీద చూపుడు వేలంత గీత. తెలుపే కదా, ఇంతకంటే తేలిక రంగు ఏముంటుందని డబ్బా తెచ్చాను. జూలై నెల, పొద్దున వాన పడి ఆగింది, మేడ కింద పెట్టుకుని కొట్టాను. రంగు బాగానే పడింది. పైన క్లియర్ (మెరుపు కోసం వేసే రంగులేని పొర) కొట్టిన ఐదు నిమిషాలకి అద్దం మీద ఊదినట్టు తెల్లగా మసక కమ్మింది. థిన్నర్ ఆరేటప్పుడు ప్యానెల్ చల్లబడి గాలిలో తేమ దాని మీద కూర్చుంటుందట, నాకు తర్వాత తెలిసింది. సరే అని వాటర్ పేపర్‌తో రుద్ది ఎండ రోజు మళ్ళీ కొట్టాను. ఈసారి మసక రాలేదు కానీ టేపు వేసిన చోట గోరు తగిలేంత గట్టు వచ్చింది. ఆ గట్టు తీద్దామని రుద్దితే పక్కన కంపెనీ క్లియర్ కూడా పోయింది. చూపుడు వేలంత గీత, చివరికి అన్నం ప్లేటంత మచ్చ అయ్యింది.

డబ్బాలకీ పేపర్లకీ రెండు వేల పైన అయ్యింది, తర్వాత డోర్ మొత్తం కొట్టించడానికి మూడున్నర వేలు. మా ఆవిడ ఇప్పటికీ ఆ డోర్ వేసేటప్పుడు నా వైపు చూస్తుంది.

ఒక్క మంచి మాట: మీ బంపర్ మీద తెల్ల చారలు సగం వరకు పిల్లర్ సున్నమే అయి ఉంటాయి. తడి గుడ్డతో తుడిచి, కాస్త రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి చేత్తో రుద్దండి. దానికి డబ్బులెందుకు.

ఆటోనగర్ గన్ను (విజయవాడ)

తమ్ముడూ, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ రెండు వేరే పనులకి రేటు చెప్పారు. నేను పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక ఉంటే చదువు.

ముందు దెబ్బ ఎంత లోతో చూసుకో. గీత మీద నీళ్ళు పోయి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే అది పైన క్లియర్‌లోనే ఉంది, పాలిష్‌తో పోతుంది. తడిపినా కనిపిస్తే రంగు దాకా దిగింది, పెయింట్ తప్పదు. కంపెనీ నుంచి వచ్చిన పెయింట్ అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు, అందులో క్లియర్ 40కి అటూ ఇటూ. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే నువ్వు రుద్దడానికి ఉన్నది సగం వెంట్రుక. అందుకే వరంగల్ తమ్ముడికి అలా అయ్యింది.

ఇప్పుడు "అంతవరకే" అనే మాట సంగతి. అంతవరకే అంటే ఏది అంతవరకే అని అడగాలి. దెబ్బ బిళ్ళంత ఉంటే పుట్టీ అరచేయంత పడుతుంది, ప్రైమర్ ప్లేటంత, రంగు చాటంత, క్లియర్ మాత్రం ప్యానెల్ మొత్తం. ఒక్కో పొర కింద పొరని దాటి బయటికి పోవాలి. రంగుని చిన్న చోట ఆపొచ్చు, పొగలాగా పలచబరిచి కలిపేయొచ్చు. క్లియర్‌ని మధ్యలో ఆపితే ఆ అంచు ఇవాళ కనపడదు, పాలిష్ పెడతారు కాబట్టి. ఎండలో నిలబెట్టిన బండికి ఏడాది రెండేళ్ళకి ఆ అంచు గీతలాగా తేలుతుంది, తర్వాత ఉల్లిపొరలాగా లేస్తుంది. పదిహేను వందలాయన చేసేది ఆ పని. తప్పని నేను అనను, అమ్మేసే బండికి అదే చాలు.

డోర్ అయితే తేలిక, నాలుగు వైపులా గ్యాప్ ఉంటుంది, క్లియర్ అక్కడ ఆగిపోతుంది. నీ ఖర్మకి దెబ్బ క్వార్టర్ మీద పడింది. అది బండి వెనక పిల్లర్ (వెనక అద్దం పక్కన రూఫ్‌ని మోసే స్తంభం) మీదుగా రూఫ్ దాకా ఒకటే రేకు, మధ్యలో ఎక్కడా గ్యాప్ ఉండదు. తొమ్మిది వేలాయన రూఫ్ దాకా పోతుంది అన్నది అందుకే.

దానికి తోడు సిల్వర్. ఎరుపు, నలుపు కంటే సిల్వరే కష్టం. ఆ రంగులో ఉండేది సన్న అల్యూమినియం రేకులు. స్ప్రే గన్ను తడిగా కొడితే ఆ రేకులు లోపలికి దిగి నిలబడి రంగు ముదురుగా వస్తుంది, పొడిగా కొడితే పైన పడుకుని లేతగా మెరుస్తుంది. ఒకే డబ్బా, ఒకే మనిషి, గన్ను నాలుగు అంగుళాలు వెనక్కి జరిగితే రంగు మారిపోతుంది. అందుకే ఎదురుగా చూస్తే కలిసిపోయి, పక్కనుంచి చూస్తే అట్ల పెనం మచ్చలాగా కనిపించే బండ్లు రోడ్డు మీద అన్ని ఉన్నాయి.

నేనైతే ఇలా చేస్తాను. మొదట సబ్బు నీళ్ళు, తర్వాత జిడ్డు తీసే డీగ్రీజర్. రుద్దకముందే తుడవాలి, లేకపోతే పాత పాలిష్‌లో సిలికాన్ గీతల్లోకి దిగి రంగు కొట్టగానే చేప కళ్ళలాగా గుంటలు పడతాయి. ఆర్చ్ అంచుని లోపలినుంచి దిమ్మ పెట్టి సుత్తితో సరిచేయాలి, ఎంత వీలైతే అంత రేకుతోనే తేవాలి. గుంటంతా పుట్టీతోనే పూడ్చేవాడు పనివాడు కాదు. దెబ్బ చుట్టూ పాత పెయింట్‌ని వాలుగా రుద్దాలి, అప్పుడు క్లియర్, రంగు, ప్రైమర్, రేకు ఒక్కోటి ఉంగరంలాగా కనిపిస్తాయి. ఒక్కో ఉంగరం వేలు వెడల్పు ఉండాలి. చేయి పెట్టి కళ్ళు మూసుకుని తడిమితే గట్టు తగలకూడదు, కన్ను మోసం చేస్తుంది కానీ అరచేయి చేయదు.

పుట్టీలో హార్డనర్ నూటికి రెండు పాళ్ళు. త్వరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే అది పైకి ఊరి రంగు మీద పసుపు మచ్చ తేలుతుంది. తర్వాత ప్రైమర్, ఆరాక దాని మీద నల్లపొడి పూసి దిమ్మతో రుద్దితే ఎక్కడ నలుపు మిగిలిందో అక్కడ పల్లం ఉందన్నమాట. 800 పేపర్ దాకా నున్నగా చేసి రంగు కలిసే చోటంతా 1500తో మెరుపు చంపాలి. రంగు రెండు మూడు కోట్లు, ఒక్కోటి ముందు దానికంటే బయటికి, చివరిది దూరం నుంచి దుమ్ములాగా. పిల్లర్ దగ్గర టేపుని గట్టిగా అతికించకుండా వెనక్కి మడిచి వేస్తే గట్టు రాదు. క్లియర్‌ని పిల్లర్ సన్నగా ఉండే చోట బ్లెండింగ్ థిన్నర్‌తో కలిపేస్తే రూఫ్ ముట్టుకోనక్కర్లేదు. ఆ అంచు రెండు వేళ్ళంతే, కంటికి దూరం.

ఇంకొకటి, క్లియర్ హార్డనర్ కలిపేదే వాడాలి. హార్డనర్ లేని డబ్బా క్లియర్ మీద పెట్రోల్ చుక్క పడితే కరిగిపోతుంది, పెట్రోల్ మూత ఉండేది కూడా క్వార్టర్ మీదే కదా. కానీ ఆ హార్డనర్‌లో ఐసోసైనేట్లు అనే విష రసాయనాలు ఉంటాయి, గుడ్డ కట్టుకుని కొడితే ఊపిరితిత్తులు పోతాయి. మా మేస్త్రీ యాభై ఏళ్ళకే ఆయాసంతో పని మానేశాడు. ఇంట్లో ప్రయోగాలు వద్దు.

సెల్లార్ పిల్లర్

అన్నా, ఇంత ఓపికగా రాసినందుకు దండం. మరి షెడ్డు వాడిని ఏం అడిగితే పని తెలిసినవాడో కాదో తెలుస్తుంది? రంగు కోడ్ చెప్తే చాలా?

ఆటోనగర్ గన్ను

కోడ్ సగమే. మీ రంగు కోడ్ జడ్2ఎస్, మిషన్‌లో కొడితే కొత్త బండి రంగు వస్తుంది, నీది పదేళ్ళు ఎండలో ఉన్న బండి. పెట్రోల్ మూత ఊడదీసి రంగు కలిపే షాపుకి తీసుకెళ్తాడా, కార్డు మీద కొట్టి, ఆరాక పైన క్లియర్ కూడా వేసి, బయట ఎండలో బండి పక్కన పెట్టి చూస్తాడా, అది అడుగు. చూస్తాను అంటే ఇచ్చేయి. "నా కంటికి తెలుసు సార్" అంటే వచ్చేయి.

రెండోది, క్లియర్ ఎక్కడ ఆపుతావు అని అడుగు. వేలు పెట్టి చూపించగలగాలి.

రెండో గేర్ (లెస్టర్)

ఇక్కడ ఇంగ్లండ్‌లో దీన్నే స్మార్ట్ రిపేర్ అంటారు, ఒక వ్యాన్‌లో కంప్రెసర్, గన్ను, ఆరబెట్టే దీపం అన్నీ వేసుకుని ఇంటి ముందుకే వచ్చి రెండు మూడు గంటల్లో చేసి పోతారు. నేను బంపర్ మూలకి చేయించాను, బాగుంది. కానీ నా దగ్గరికి వచ్చినాయన బానెట్ మధ్యలో రాయి దెబ్బ ఉంటే చేయనన్నాడు, ఏ4 కాగితం కంటే పెద్దదైనా షాపుకే పొమ్మన్నాడు. బంపర్ మూలలు, చక్రం ఆర్చ్‌లు, అద్దాల వెనక కప్పులు, అంటే ఏదో ఒక అంచు దగ్గర్లో ఉండేవే తీసుకుంటారు. పైన అన్న చెప్పిన లెక్కే ఇది.

బంపర్‌కి ఒక జాగ్రత్త, అది ప్లాస్టిక్. లోపలివైపు పీపీ అని అచ్చు ఉంటే ప్లాస్టిక్ ప్రైమర్ వేయకుండా రంగు కొడితే ప్రెషర్ వాష్‌లో అప్పడంలా ఊడుతుంది.

ప్రీమియం లెక్క (రాజమండ్రి)

ఇన్సూరెన్స్ జోలికి పోకండి. ఐదేళ్ళు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ (ఓడీ, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తుంది, ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా. మళ్ళీ 20, 25, 35, 45 అంటూ ఎక్కాలి. తగ్గింపుకి ముందు మీ ఓడీ ప్రీమియం ఐదు వేలు అనుకుంటే ఆ ఐదేళ్ళలో మీకు పోయేది 6,250. మీ బండి 1500 సీసీ లోపు కాబట్టి ఎలాగూ వెయ్యి మీరే కట్టాలి, పైగా జీరో డెప్ (పాతబడినందుకు కోత పెట్టని అదనపు కవర్) లేకపోతే పెయింట్ మెటీరియల్‌లో సగం కోస్తారు. తొమ్మిది వేల పనికి ఇదంతా దండగ.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

పదేళ్ళ బండికి ఇంత ఆలోచనా? నేనైతే వదిలేస్తా. కాకపోతే రేకు కనిపించే చోటు మాత్రం వదలకండి, మా దగ్గర వారంలో ఎర్రబడుతుంది. సన్న పేపర్‌తో రుద్ది ప్రైమర్ చుక్క బ్రష్‌తో అద్దండి, ఆ తర్వాత ఎన్నాళ్ళైనా ఆలోచించుకోవచ్చు.

ఆటోనగర్ గన్ను

ఇది మాత్రం ఇవాళే చెయ్. తుప్పు పక్కకి పాకిందంటే అరచేయి కాస్తా చాట అవుతుంది.

సెల్లార్ పిల్లర్

మూడు వారాల తర్వాత అప్‌డేట్. బంపర్ చారలు కాంపౌండ్‌తో ముప్పావు వంతు పోయాయి, మిగిలింది వదిలేశాను. క్వార్టర్ మూడో షెడ్డులో ఇచ్చాను, ఆరు వేలు. క్లియర్ ఎక్కడ ఆపుతావు అని అడిగితే ఆయన నన్ను ఒకసారి పైకీ కిందకీ చూసి, "మీరు కూడా ఈ లైనేనా సార్" అని పిల్లర్ మీద పెన్సిల్‌తో గీత పెట్టి చూపించాడు. పెట్రోల్ మూత ఆయనే ఊడదీశాడు, మొదటి కార్డు ముదురుగా వచ్చిందని మళ్ళీ కలిపించాడు. నాలుగు రోజులు పట్టింది.

సెల్లార్ ట్యూబ్‌లైట్ కింద అస్సలు తెలియట్లేదు. మధ్యాహ్నం ఎండలో వెనకనుంచి ఏటవాలుగా చూస్తే ఆర్చ్ పైన ఒక ఛాయ తేడా ఉంది, నాకు తెలుసు కాబట్టి కనిపిస్తోంది, మా నాన్నగారికి చూపిస్తే ఏ వైపో కనిపెట్టలేకపోయారు. ఎప్పటినుంచి కడగొచ్చు అన్నా? వాచ్‌మన్ రోజూ గుడ్డతో తుడుస్తాడు.

ఆటోనగర్ గన్ను

ముందు ఆ గుడ్డ ఆపించు. నెలా రెండు నెలలు పాలిష్, వ్యాక్స్ ఏదీ పెట్టకు, మామూలు నీళ్ళు పోసి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. పక్షి రెట్ట పడితే మాత్రం ఆరనివ్వకు, అప్పటికప్పుడు కడిగెయ్.