కన్జర్వేటివ్ లీడర్‌షిప్ బ్యాలెట్: తుపాకీ లైసెన్స్ ఉన్నవాళ్లం మొదటి నంబర్ ఎవరికి వేయాలి?

మిస్సిసాగా_ఆర్‌పాల్ (2022 ఆగస్టు 13)

అందరికీ నమస్తే. కెనడా కన్జర్వేటివ్ పార్టీ కొత్త లీడర్‌ని ఎన్నుకునే బ్యాలెట్ కవరు వచ్చి చాలా రోజులైంది, ఇంకా నింపలేదు. సెప్టెంబర్ 6 కల్లా పార్టీకి చేరకపోతే లెక్కలోకి రాదు కాబట్టి ఈ వారంలో తేల్చేయాలి. జూన్ 3 గడువుకి ముందే 15 డాలర్లు కట్టి నేనూ మా ఆవిడా మెంబర్‌షిప్ తీసుకున్నది ముఖ్యంగా ఒక్కదాని కోసం, తుపాకీల విషయంలో ఇచ్చిన మాట మీద నిలబడే లీడర్ కావాలని. పన్నులు, ఇళ్ల ధరలు నాకు పట్టవని కాదు గానీ వాటి గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, మన గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

నా పరిస్థితి చెబుతాను. ఏఆర్-15 రైఫిల్ రెస్ట్రిక్టెడ్‌గా (ఆంక్షలతో ఉంచుకోగల తరగతి) ఉన్న రోజుల్లో చట్టప్రకారం కొన్నాను, నా పేరు మీద రిజిస్టర్ అయి ఉంది, షూటింగ్ రేంజ్‌కి తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్లలేదు. 2020 మే 1న లిబరల్ ప్రభుత్వ కేబినెట్ ఒక్క ఉత్తర్వుతో దాదాపు 1,500 మోడళ్లని నిషేధించింది కదా, అప్పటి నుంచి అది ట్రిగ్గర్ లాక్‌తో సేఫ్‌లోనే ఉంది. రేంజ్‌కి తీసుకెళ్లకూడదు, ఇంకొకరికి అమ్మకూడదు. ఆమ్నెస్టీ గడువు (అప్పటిదాకా దగ్గర ఉంచుకున్నా కేసు ఉండదు) 2023 అక్టోబర్ 30 వరకు పొడిగించారు, పోయిన నెలాఖరులో బయ్‌బ్యాక్ (ప్రభుత్వం డబ్బిచ్చి తుపాకులు వెనక్కి తీసుకోవడం) ధరల ప్రతిపాదన కూడా పెట్టారు, ఏఆర్ రకానికి 1,337 డాలర్లు. ఇప్పుడు పిస్టళ్ల వంతు. మే 30న సీ-21 బిల్లు తెచ్చి హ్యాండ్‌గన్ల కొనుగోలు, అమ్మకం, బదిలీ అన్నీ ఆపేస్తామన్నారు, ఈ నెల 19 నుంచి దిగుమతి కూడా బంద్. మా అబ్బాయికి వచ్చే ఏడాది 18 నిండుతాయి, కోర్సు చేసి లైసెన్స్ తీసుకుంటానంటున్నాడు, నాతో పాటు టార్గెట్ షూటింగ్‌కి రావాలని వాడికి ఎప్పటి నుంచో ఆశ. ఈ ఫ్రీజ్ అమల్లోకి వస్తే నా పిస్టల్ వాడి పేరు మీదకి మార్చడం కుదరదు.

బ్యాలెట్ మీద ఇష్టం వచ్చిన వరుసలో 1, 2, 3 నంబర్లు వేయాలి కదా, 1 వేసినవాళ్లు పోటీ నుంచి పోతే ఓటు 2కి వెళ్తుంది. దాని మీద ఆరు పేర్లున్నాయి: పొయిలీవ్, షరే, లెస్లిన్ లూయిస్, రోమన్ బేబర్, స్కాట్ ఎయిచిసన్, ఇంకా పాట్రిక్ బ్రౌన్. బ్రౌన్‌ని జులైలోనే పోటీ నుంచి తీసేశారు, పేరు ముద్రించేశారు కాబట్టి ఉండిపోయింది. మిగిలిన ఐదుగురిలో మీరైతే ఎవరికి వేస్తారు, ఎందుకు? ప్రచారంలో చెప్పే మాటలు కాకుండా ఇంతకుముందు ఏం చేశారన్నది చెప్పగలిగితే ఇంకా మంచిది. 2021 ఎన్నికల తర్వాత నాకు ఎవరి హామీ మీదా నమ్మకం కుదరడం లేదు.


రెజైనా_రైతుకూలీ

అన్నా, నేను పశువుల ఫారంలో పనిచేస్తాను. దూడలు పుట్టే సీజన్‌లో కొయోటీలు గుంపుగా వస్తాయి, మా యజమాని వాటి కోసం వాడిన రూగర్ మినీ-14 కూడా ఆ 2020 జాబితాలో పోయింది. అది నాన్-రెస్ట్రిక్టెడ్, అంటే అప్పటిదాకా మామూలు వేట రైఫిల్ లెక్కే. ఒక శుక్రవారం పొద్దున ప్రధాని మైకు ముందుకొచ్చి చెప్పాక, పార్లమెంటులో చర్చ లేదు, ఓటు లేదు, అంతే, పనిముట్టు కాస్తా నిషిద్ధ వస్తువైపోయింది. కాబట్టి మీ బాధ నాకు బాగా తెలుసు.

అభ్యర్థిని చూసేటప్పుడు ముందు ఒకటి విడదీసుకోండి. మే 2020 నిషేధం కేబినెట్ ఉత్తర్వు. దాన్ని తీసేయడానికి ఇంకో కేబినెట్ ఉత్తర్వు చాలు, మెజారిటీ అక్కర్లేదు, సెనేట్ అక్కర్లేదు. సీ-71 అలా కాదు, అది 2019లో పార్లమెంటు చేసిన చట్టం, మార్చాలంటే మళ్లీ బిల్లు పెట్టాలి, ఓట్లు ఉండాలి. లైసెన్స్ ఇచ్చేటప్పుడు గత 5 ఏళ్ల రికార్డు చూసేది పోయి మొత్తం జీవితం చూడటం, రెస్ట్రిక్టెడ్ తుపాకీని రిపేరుకి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాలన్నా విడిగా పర్మిషన్ తీసుకోవడం, ఈ మే 18 నుంచి మామూలు రైఫిల్ పక్కింటాయనకి అమ్మాలన్నా ముందు రిజిస్ట్రార్ దగ్గర రిఫరెన్స్ నంబర్ తీసుకోవడం, ఇవన్నీ దాన్నుంచి వచ్చినవే. సీ-21 ఇంకా బిల్లుగానే ఉంది. ఎవరైనా వచ్చి "గెలిస్తే అన్నీ రద్దు చేస్తాం" అని మూడింటినీ ఒకే గాటన కట్టి చెబితే నేను పెద్దగా పట్టించుకోను. "ఉత్తర్వుని ప్రమాణస్వీకారం చేసిన వెంటనే తీసేస్తాను, చట్టాలకి ఈ పద్ధతిలో వెళ్తాను" అన్నవాడిని మాత్రం ఆగి వింటాను.

2021 ఎన్నికలంటే అప్పటి పార్టీ లీడర్ ఓటూల్ సంగతి మీరే గుర్తుచేశారు. 2020లో లీడర్ అవడానికి మన ఓట్ల కోసం గట్టిగా తిరిగాడు, 2021 మేనిఫెస్టోలో సీ-71, మే 2020 ఉత్తర్వు రెండూ రద్దు చేస్తామని రాయించాడు. తీరా సెప్టెంబర్ మొదటి వారంలో, ఎన్నికలు ఇంకా రెండు వారాలు ఉన్నాయనగా, నిషేధం అలాగే ఉంచి సమీక్ష చేయిస్తామని మాట మార్చి మేనిఫెస్టోలో ఫుట్‌నోట్ పెట్టించాడు. రద్దు చేయడం ఒక సంతకంతో అయ్యే పని, కనీసం దాని మీద కూడా నిలబడలేకపోయాడు. నాకు కోపం అందుకే. ఫిబ్రవరిలో ఎంపీలు 73-45తో దించేశారంటే కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఇదీ ఒకటి.

నా ఓటు పొయిలీవ్‌కి. 2004 నుంచి ఎంపీ, 2012లో లాంగ్ గన్ రిజిస్ట్రీ (మామూలు రైఫిళ్లు, షాట్‌గన్ల నమోదు) ఎత్తేసిన ప్రభుత్వంలో ఉన్నాడు, దానికి ఓటేశాడు. రెండో నంబర్ లూయిస్‌కి.


బ్రాంప్టన్_వాసి

నేనూ లైసెన్స్ ఉన్నవాడినే, వేటకి వెళ్తాను, కానీ మీ ఇద్దరి లెక్కలో ఒకటి కనబడటం లేదు. పార్టీ లీడర్ అయితే సరిపోదు, ప్రధాని అవ్వాలి. 2019లో కన్జర్వేటివ్‌లకి 121 సీట్లు, 2021లో 119. రెండుసార్లూ దేశం మొత్తం మీద లిబరల్స్ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, రెండుసార్లూ ఓడిపోయారు. సస్కాచెవాన్, ఆల్బెర్టాలో భారీ మెజారిటీలు పేరుకుపోయి టొరంటో చుట్టుపక్కల సీట్లు పోతుంటే ఉత్తర్వు రద్దు చేసే సంతకం పెట్టేదెవరు? ఓటూల్ మాట మార్చడం తప్పే, నేను సమర్థించను, కానీ ఆ వారం అతని మీద ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మన వీధుల నుంచే వచ్చింది.

మా కాలనీలో తెలుగువాళ్లు, పంజాబీలు, గుజరాతీలు చాలామందికి తుపాకీ అంటే టీవీలో చూసే కాల్పులే. ఇక్కడ లైసెన్స్ ఉన్నవాడి పేరు పోలీస్ సిస్టమ్‌లో రోజూ చెక్ అవుతుందని, సెమీ ఆటో సెంటర్‌ఫైర్ రైఫిల్‌కి మ్యాగజీన్ 5 గుండ్లకే పరిమితమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నోవా స్కోషియాలో 2020 ఏప్రిల్‌లో 22 మందిని చంపినవాడికి అసలు లైసెన్సే లేదు, అతని తుపాకులు చాలావరకు అమెరికా నుంచి దొంగతనంగా తెచ్చినవి. ఆ సంగతి వాళ్లకి తెలియదు, వాళ్లకి గుర్తున్నది 22 ప్రాణాలు పోయాయన్నదే, అందులో తప్పేం ఉంది? మా ఎదురింటావిడ నన్ను సూటిగా అడిగింది, "మీ సరదా కోసం మా పిల్లలు భయపడాలా" అని. ఆవిడకి గొంతు పెంచకుండా, ఎగతాళి చేయకుండా, బోర్డర్‌లో స్మగ్లింగ్ ఎలా ఆపుతారో, లైసెన్స్ పద్ధతి ఎంత గట్టిదో కూర్చుని చెప్పగల లీడర్ కావాలి నాకు. మన మీటింగుల్లో చప్పట్లు కొట్టించుకోవడం సులువు. ఆవిడ దగ్గర ఒప్పించడమే కష్టం.

అందుకే నేను మొదటి నంబర్ ఎయిచిసన్‌కి వేస్తున్నాను. పారీ సౌండ్-మస్కోకా అంటే వేటా చేపలూ తెలిసిన ప్రాంతం, హంట్స్‌విల్‌కి మేయర్‌గా చేశాడు, మాట నెమ్మది. గెలవడని నాకూ తెలుసు, రెండో నంబర్ కూడా ఉంది కదా.


లావాల్_తెలుగు

క్యూబెక్ మాజీ ప్రీమియర్ షరే గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, క్యూబెక్‌లో ఉంటున్నాను. 2012లో ఒట్టావా (కేంద్ర ప్రభుత్వం) రిజిస్ట్రీ ఎత్తేసి రికార్డులు చెరిపేస్తామన్నప్పుడు, ఆ డేటా మాకు కావాలని కోర్టుకెళ్లింది ఆయన ప్రభుత్వమే. చివరికి 2015లో సుప్రీంకోర్టు 5-4తో క్యూబెక్ అడిగింది కుదరదంది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం సొంతంగా రాష్ట్ర రిజిస్ట్రీ పెట్టింది, 2018 నుంచి ఇక్కడ మామూలు వేట తుపాకీని కూడా రిజిస్టర్ చేయాలి. 1989లో మాంట్రియల్ పాలిటెక్నిక్ కాలేజీలో 14 మంది మహిళల్ని చంపిన ఘటన ఇక్కడివాళ్ల మనసుల్లోంచి పోలేదు, పోదు కూడా, కాబట్టి ఇక్కడ రాజకీయం చేసిన మనిషి అలా మాట్లాడటం నాకు అర్థమవుతుంది. అర్థమవుతుంది గానీ తుపాకీల కోసమే ఓటేసేవాళ్లు ఆయనకి పై నంబర్ ఇవ్వడానికి నాకు కారణం కనబడదు.

అసలు నేను రాయాలనుకున్నది పాయింట్ల సంగతి, ఇది చాలామందికి తెలియదు. గెలుపు మొత్తం ఓట్ల మీద కాదు. 338 రైడింగులు (నియోజకవర్గాలు), ఒక్కోదానికి 100 పాయింట్లు, ఆ రైడింగులో మీకు ఎంత శాతం వస్తే అన్ని పాయింట్లు. రైడింగులో 100 కంటే తక్కువ ఓట్లు పడితే ఎన్ని పడితే అన్నే పాయింట్లు, ఈ మార్పు కొత్తగా వచ్చింది. అంటే ఆల్బెర్టాలో కొన్ని వేలమంది మెంబర్లున్న రైడింగులో ఒక ఓటు బరువు, మా వైపు 150 మంది ఓటేసే రైడింగులో ఒక ఓటు బరువుతో పోలిస్తే చాలా తక్కువ. 2020లో రెండో రౌండ్‌లో లూయిస్‌కి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా పాయింట్లలో మూడో స్థానంలో ఉండి పోటీ నుంచి బయటికి వెళ్లింది. తుపాకీలున్నవాళ్లు ఎక్కువగా పశ్చిమాన, పల్లెల్లో ఉంటారు, సరిగ్గా అక్కడే మెంబర్లు గుంపుగా ఉంటారు. క్యూబెక్‌లోనో, న్యూఫౌండ్‌లాండ్‌లోనో, టొరంటో నగరం మధ్యలోనో మీకు తెలిసిన షూటర్ ఎవరైనా మెంబర్‌గా ఉంటే ఫోన్ చేసి ఓటు వేయించండి, ఆ ఒక్క ఓటు మా రెజైనా తమ్ముడి వీధి మొత్తానికి సమానం కావచ్చు.

ఒక్క విషయం పట్టుకున్నవాళ్లు ఫలితం మార్చలేరు అనుకోకండి. 2017 లీడర్‌షిప్ పోటీలో మాక్సిమ్ బెర్నియే పాల కోటా విధానం ఎత్తేస్తానన్నాడు, ఇక్కడి పాడి రైతులు మెంబర్‌షిప్‌లు తీసుకుని ఎదురుతిరిగారు. 13వ రౌండ్‌లో ఆండ్రూ షీర్ 50.95 శాతంతో గెలిచాడు. బెర్నియే సొంత రైడింగులోనే ఓడిపోయాడు, మరి.


రెజైనా_రైతుకూలీ

లావాల్ అన్నా, పాయింట్ల సంగతి విని కడుపు మండింది గానీ నిజమే. బ్రాంప్టన్ అన్నా, మీ ఎదురింటావిడ గురించి మీరు రాసింది మాత్రం ఒప్పుకుంటున్నాను. ఇక్కడ మేం ఒకరికొకరం చెప్పుకుంటాం తప్ప అలాంటివాళ్లతో మాట్లాడేది లేదు. అయినా ఒకటి అడుగుతా. నెమ్మదిగా మాట్లాడేవాడే ఒత్తిడి వచ్చినప్పుడు ముందు వంగుతాడేమోనని నా భయం. గట్టిగా పబ్లిక్‌గా చెప్పినవాడికి వెనక్కి వెళ్లడం కష్టం కదా?


బ్రాంప్టన్_వాసి

ఓటూల్ కూడా గట్టిగా పబ్లిక్‌గానే చెప్పాడు తమ్ముడూ, మేనిఫెస్టోలో అచ్చు వేయించి మరీ. గట్టిగా చెప్పడం ఒక్కటే కొలత కాదు. ప్రశ్న ఎదురైనప్పుడు ఆ విషయం లోతు తెలిసి జవాబు చెప్పగలడా లేదా అన్నది చూడాలి. రెస్ట్రిక్టెడ్‌కీ ప్రొహిబిటెడ్‌కీ (నిషిద్ధ తరగతి) తేడా కూడా తడుముకునేవాడు రిపోర్టర్ రెండోసారి అడిగేసరికి జారిపోతాడు. ఆ లెక్కన చూస్తే పొయిలీవ్ సబ్జెక్టు చదువుకుని వస్తాడని నేనూ అంటాను, నా రెండో నంబర్ ఆయనకే. మా వైపు ఓట్లు తేగలడా అన్నదే నా అనుమానం, అది ఎన్నికల్లోనే తేలుతుంది.


మిస్సిసాగా_ఆర్‌పాల్

అందరికీ చాలా థ్యాంక్స్. ఉత్తర్వు వేరు, చట్టం వేరు అన్నది నాకు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. లూయిస్‌కి 1, పొయిలీవ్‌కి 2, ఎయిచిసన్‌కి 3 వేద్దామనుకుంటున్నాను. లూయిస్ గెలవకపోయినా మన విషయం మీద ఓట్లు ఎన్ని పడ్డాయో కొత్త లీడర్‌కి కనబడాలి, నంబర్ 2 ఉంది కాబట్టి ఓటు వృథా కాదు. మా ఆవిడ నేరుగా పొయిలీవ్‌కే 1 వేస్తానంటోంది. ఇంకో డౌట్: మా ఆవిడ ఇంకా పీఆర్‌లోనే (శాశ్వత నివాస హోదా) ఉంది, సిటిజన్‌షిప్ రాలేదు, ఫర్వాలేదా? ఐడీ కాపీ ఏది పెట్టాలి?


లావాల్_తెలుగు

ఫర్వాలేదు, పీఆర్ ఉన్నవాళ్లకీ పార్టీ మెంబర్‌షిప్ ఉంటుంది, 14 ఏళ్లు నిండితే చాలు. మామూలు ఎన్నికల్లో ఓటు లేదు గానీ ఇందులో ఉంది. కవర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. బ్యాలెట్‌ని లోపలి చిన్న కవర్లో పెట్టి అతికించండి, డిక్లరేషన్ ఫారం మీద సంతకం చేసి, దాంతో పాటు ఐడీ ఫోటోకాపీని బయటి కవర్లో పెట్టండి. ఈ కాపీ లేకపోతే ఓటు పక్కన పడేస్తారు, 2020లో కూడా ఇదే రూలు. డ్రైవింగ్ లైసెన్స్ కాపీ సరిపోతుంది. మనవాళ్ల ఇంటిపేర్లు ఐడీలో ఒకలా, మెంబర్‌షిప్‌లో ఇంకోలా పడుతుంటాయి, మీ ఆవిడ పేరు రెండింట్లో కలుస్తుందో లేదో ఒకసారి చూసుకుని తేడా ఉంటే కవరు అతికించే ముందే పార్టీకి ఫోన్ చేయండి. ఇద్దరివీ విడివిడి కవర్లలోనే పంపండి. పోస్టులో ఆలస్యం అవుతుంది కాబట్టి ఈ నెల 20 దాటనివ్వొద్దు.