సమస్యాపూరణం: “కట్టిపెట్టిన వ్యాయామకళయె మేలు”

ఈ వారపు సమస్య (తేటగీతి). వ్యాయామం మానడమే మేలన్నట్లు వినిపించే ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు చేర్చి అర్థం కుదర్చాలి:
*కట్టిపెట్టిన వ్యాయామకళయె మేలు*

నిర్వాహకుని మాట: ఈ సమస్య న్యూజెర్సీలో ఉంటున్న మన సభ్యురాలి ఇంటి అలమరలోంచి వచ్చింది. ఆమె త్వరలో చిన్న ఇంటికి మారబోతున్నారు. ఇంట్లోనే కసరత్తు చేసుకొనేందుకు ఏళ్ల తరబడి కొన్న వీడియోలు దాదాపు 400 పోగయ్యాయని, వాటిలో 100 వీహెచ్ఎస్ క్యాసెట్లు, 250 డీవీడీలు కాగా మిగిలినవి హైదరాబాదు నుంచి తెచ్చుకొన్న యోగా వీసీడీలని, వాటిని వదిలించుకోవాలో ఉంచుకోవాలో తేల్చుకోలేక సతమతమవుతున్నానని ఆమె వ్రాశారు. పూరణలు ఆ సందిగ్ధాన్ని తీర్చేవిగా ఉండాలి. పాదంలో గణాలు (గురులఘువుల గుంపులు) కట్టి (హ), పెట్టిన (భ), వ్యాయామ (త), కళయె (న), మేలు (హ). యతి (పాదం మొదటి అక్షరానికీ నాల్గవ గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన మైత్రి) క–క. “పెట్టిన” తెలుగు పదం కావడం వల్ల, “వ్యాయామ” దానితో సమసించకపోవడం వల్ల, “వ్యా” సంయుక్తాక్షరమైనా దాని ముందున్న నకారం గురువు కాక లఘువుగానే నిలుస్తుంది. ఈ సందేహం ఎవరో ఒకరు తప్పక అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను.

మొదటి పూరణ (భీమవరం సభ్యురాలు)

గుట్టగాఁ బోసి వెదకుచుఁ గూలఁబడక
దినమునకుఁ దగ్గ డిస్కులు తీరుగాను
పేర్లు వ్రాసి యా పెట్టెలోఁ బేర్చి నీవు
కట్టిపెట్టిన వ్యాయామకళయె మేలు

నిర్వాహకుడు: అమ్మా, మానివేయడమనే అర్థంలో వినిపించే “కట్టిపెట్టిన”ను భద్రపరచడమనే అర్థంలోకి సులువుగా మళ్లించారు. “నీవు” తరువాత ప్రథమ మీది పరుషానికి గసడదవలు బహుళం (క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారినా మారకున్నా సరే) కనుక “కట్టి” అనే ఉంచవచ్చు, దోషం లేదు. “తీరుగాను” పాదాన్ని నింపడానికే వచ్చింది. అయితే వచ్చిన చిక్కల్లా చోటుతోనే కనుక ఆ చోటు లెక్క చూద్దాం. మామూలు డీవీడీ డబ్బా మందం సుమారు 14 మిల్లీమీటర్లు. అటువంటివి 250 వరుసగా నిలబెడితే మూడున్నర మీటర్ల అర కావాలి. డబ్బాలోని డిస్కు మందం మాత్రం 1.2 మిల్లీమీటర్లే కాబట్టి, డిస్కులను విడిగా దొంతర పేర్చితే 30 సెంటీమీటర్లకు మించదు. అంటే అలమరను ఆక్రమించిన దానిలో సింహభాగం వ్యాయామం కాదు, ప్లాస్టిక్కూ గాలీను. ఏ డిస్కునూ వదులుకోకుండానే డబ్బాలు మాత్రం తీసివేసి, కాగితపు తొడుగుల్లో నిలువుగా పెట్టె కట్టుకొనే దారి ఒకటి ఉందని మీ పద్యం గుర్తు చేసింది.

రెండవ పూరణ (వరంగల్లు సభ్యులు)

దేహ మస్థిరమని తాత తెలియఁ జెప్పె
వీడిపోవునాఁ డీ పెట్టె వెంట రాదు
మోహ మేల యీ వీడియో మూట మీఁద?
కట్టిపెట్టిన వ్యాయామకళయె మేలు

నిర్వాహకుడు: ఆర్యా, ధార బాగుంది, యతులన్నీ కుదిరాయి, రెండవ పాదం నోటికి వచ్చేస్తుంది. నా అభ్యంతరం భావం మీద. ఇందులో “వీడియో” అన్న మాట తీసి “పుస్తకపు మూట” అనో “పట్టుచీరల మూట” అనో పెట్టుకొన్నా పద్యం చెక్కుచెదరదు. ఏ వస్తువుకైనా సరిపోయే వైరాగ్యం ఏ వస్తువు విషయంలోనూ నిర్ణయం చేయలేదు. పైగా దేహం అస్థిరమని వ్యాయామమే మానమనడం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. ఆమె కసరత్తు మానాలని అనుకోవడం లేదు, క్యాసెట్లు మానాలా అని అడుగుతున్నారు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, రెండు రోజులైనా కండరాలకు పని పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. తాతగారి మాటకు ఆ 150 నిమిషాలలో మినహాయింపు దొరకదు.

వరంగల్లు సభ్యులు: అంగీకరిస్తున్నాను. అయితే సమస్యను సూటిగా పట్టుకొని సమర్థించడం కూడా పూరణలో ఒక పద్ధతే కదా.

నిర్వాహకుడు: పద్ధతే. సమర్థించే కారణం ఈ వస్తువులోంచి రావాలన్నదే నా కోరిక.

మూడవ పూరణ (విశాఖపట్నం విద్యార్థి)

అలమరలు నిండె నింటిలోఁ గాలు పెట్టఁ
జోటు లేదు; వ్యాయామము సున్న యయ్యె
చాప పఱచెడి పాటిదౌ జాగ విడచి
కట్టిపెట్టిన వ్యాయామకళయె మేలు

నిర్వాహకుడు: నాయనా, గణాలు సరిగ్గా ఉన్నాయి. మొదటి పాదంలో అకారానికి “గా”తో యతి కుదరలేదు.

విద్యార్థి: గురువుగారూ, నేను ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాలు కలపడం) వేశాననుకొన్నాను. “అల”, “గాలు” రెండింటిలోనూ రెండవ అక్షరం లకారమే కదా?

నిర్వాహకుడు: తేటగీతిలో ప్రాసయతి చెల్లుతుంది, నీ ఊహ మంచిదే. కానీ ప్రాసాక్షరానికి ముందున్న అక్షరాలు రెండుచోట్లా గురువులైనా కావాలి, రెండుచోట్లా లఘువులైనా కావాలి. “అల”లో అకారం లఘువు, “గాలు”లో గా గురువు. అందువల్ల ప్రాసయతి కుదరదు. “ఇంటిలో నడుగు పెట్టఁ” అని మార్చితే “అడుగు”లోని అకారంతో స్వరయతి చక్కగా పడుతుంది, అర్థం కూడా చెడదు. “జోటు–సున్న” యతి మాత్రం ముచ్చటగా ఉంది.

భావంలో ఇప్పటివరకు వచ్చిన వాటిలో నాకు ఇదే నచ్చింది. యోగాకైనా, నేల మీద చేసే ఏ కసరత్తుకైనా కావలసింది చాప పరచుకొనే చోటూ, చేతులు రెండు వైపులా చాస్తే గోడ తగలనంత జాగానూ. వ్యాయామం నేర్పే సామగ్రి ఆ చోటునే మింగివేస్తే, ఎన్ని పాఠాలున్నా చేయడానికి నేల మిగలదు. మూడవ పాదంలో “పాటిదౌ” కొంచెం బిగుసుకొంది. అయినా ఉండనీ.

నాల్గవ పూరణ (హైదరాబాదు సభ్యులు)

బూజు పట్టెను టేపులు, పోయె మరయు
కొనఁగఁ గ్రొత్తది యెచ్చటఁ గూడ లేదు
ఎగురు టొల్లని మోఁకాళ్ళ కింక మనము
కట్టిపెట్టిన వ్యాయామకళయె మేలు

నిర్వాహకుడు: “మర” అంటే టేపులు ఆడించే వీసీఆర్ యంత్రం. రెండవ పాదం అతిశయోక్తి అని ఎవరైనా అంటారేమో కానీ అది దాదాపు యథార్థం. జపానులోని ఫునాయి సంస్థ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపివేసిన తరువాత కొత్త యంత్రం దొరకడం గగనమైపోయింది, ఉన్నవన్నీ వాడినవే. టేపులో అయస్కాంతపు పూతను పట్టి ఉంచే జిగురు తేమను పీల్చుకొని జిడ్డుదేరుతుంది. బూజు పట్టిన టేపును యంత్రంలో పెడితే ఆ బూజు యంత్రం తలకు అంటుకొని తరువాత వచ్చే మంచి టేపును కూడా పాడుచేస్తుంది. అందుచేత 100 క్యాసెట్ల విషయంలో ఉంచాలా వద్దా అన్న ప్రశ్న చాలావరకు కాలమే తేల్చివేసింది. మళ్లీ ఏ రూపంలోనూ రానివి రెండో మూడో ఉంటే, యంత్రం పనిచేస్తున్నప్పుడే డిజిటల్ రూపంలోకి మార్పించుకోవడం మంచిది.

మూడవ పాదంలోని “మోఁకాళ్ళ కింక” వద్ద “ఇంక”లోని ఇకారంతో ఎకారానికి స్వరమైత్రి ఉంది. 1982లో జేన్ ఫోండా వ్యాయామ వీడియో విడుదలయ్యాక అమెరికాలో టీవీ ముందు కసరత్తు చేయడం ఇంటింటి ఆచారమయింది. ఆ తొలినాటి వీడియోలలో ఎగురుడు ఎక్కువ, ఊగుతూ కండరాలను సాగదీసే పద్ధతి కూడా ఎక్కువ. తరువాతి వ్యాయామ శిక్షకులు దానిని చాలావరకు విడిచిపెట్టారు. కాబట్టి పాత క్యాసెట్టు తెగిపోకుండా ఆడినా, అందులో చెప్పినట్లు మన కీళ్లు ఆడాలన్న నియమం లేదు. ఈ పద్యంలో “కట్టిపెట్టిన” తన మామూలు అర్థంలోనే ఉంది, అయినా సమస్యలోని వింత పోయింది. ఆపివేసింది వ్యాయామాన్ని కాదు, ఆ ఎగురుడును అన్నమాట.

భీమవరం సభ్యురాలు: నాదొక సందేహం. డిస్కులైనా ఇక్కడి బంధువులకు పంపించవచ్చు కదా? మా పిన్ని అడుగుతూనే ఉంది.

నిర్వాహకుడు: అమ్మా, అమెరికాలో కొన్న డీవీడీలలో చాలావాటికి ఏ ప్రాంతపు ప్లేయరులో ఆడాలో చెప్పే సంకేతం ఉంటుంది, అమెరికాది 1వ ప్రాంతం, మన దేశానిది 5వ ప్రాంతం. అన్ని ప్రాంతాల డిస్కులనూ ఆడించే ప్లేయరు పిన్నిగారి వద్ద ఉంటే తప్ప అవి తెర మీద హెచ్చరిక చూపి ఊరుకొంటాయి. వీసీడీలకు ఈ ప్రాంతాల బాధ లేదు. ఆ పాత వీసీడీలలో బొమ్మ స్పష్టత తక్కువే కానీ ఆసనాన్ని పోల్చుకోవడానికి సరిపోతుంది. పంపదలిస్తే ముందు వాటినే పంపమనండి.

ఐదవ పూరణ (న్యూజెర్సీ సభ్యురాలు, సమస్య తెచ్చినవారు)

ఆడి చెమటోడ్చినవి యెన్ని? యట్టె యుంచి
మూత విప్పని వెన్ని? యా ముచ్చటెల్ల
వ్రాసి చూచుచు నేఁడాది వఱకు లెక్క
కట్టి, పెట్టిన వ్యాయామకళయె మేలు

నిర్వాహకుడు: ఈ పూరణ కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశానని చెప్పడానికి సంకోచం లేదు. మూడవ పాదం చివర “లెక్క” అన్న మాట తగిలించి “లెక్కకట్టి” చేయడం, దానితో “పెట్టిన” విడిపోయి “ఉంచుకొన్న” అనే అర్థంలో నిలబడడం, సమస్యలో ఒక్క అక్షరం మారకుండా అర్థం తలక్రిందులు కావడం – పూరణ కళ అంతా ఇక్కడే ఉంది. “ముచ్చటెల్ల” అన్నది యతి కోసమే వచ్చినా ఇక్కడ సహజంగా ఒదిగింది, ఎందుకంటే కొన్ననాటి ముచ్చటే కదా వాటిని పారవేయనివ్వనిది.

లెక్క గురించి నేనూ కొంత లెక్క వేశాను. 150 నిమిషాలను వారానికి ఐదు అరగంటలుగా పంచుకొంటే సంవత్సరానికి 260 సార్లు చాప పరచాలి. 400 వీడియోలనూ ఒక్కొక్కసారే చూసినా, ఒక్కటీ రెండవసారి చూడకుండా ఏడాదిన్నర గడిచిపోతుంది. అలా చూడడం వల్ల లాభం ఉందా అంటే నాకు సందేహమే. కొత్త వీడియో పెట్టిన మొదటి రెండు మూడుసార్లు మన దృష్టంతా తెర మీదే ఉంటుంది, ఏ కాలు ఎప్పుడు కదపాలో తెలియదు, మెడ తిప్పుకొని చూస్తూ తప్పటడుగులు వేస్తాము. అడుగులు వంటబట్టిన తరువాతే ఊపిరి మీద, వెన్ను నిలువు మీద ధ్యాస నిలుస్తుంది. కనుక ప్రతిరోజూ కొత్తది చూసేవారు ప్రతిరోజూ మొదటి పాఠంలోనే ఉంటారు. పది పన్నెండు వీడియోలను అరగదీసినవారు 400 ఉన్నవారికంటె ఎక్కువ వ్యాయామం చేసినవారని నా అభిప్రాయం.

హైదరాబాదు సభ్యులు: ఒక మాట అడ్డు చెప్పాలి. ఎక్కువ ఉండడంలోనూ సుఖం ఉంది. ఒకనాడు ఒంట్లో ఓపిక ఉండదు, ఒకనాడు వర్షం, ఒకనాడు ఇరవై నిమిషాలే తీరిక. ఎంచుకొనేందుకు నానారకాలు ఉంటేనే ఏదో ఒకటి చేస్తాము. పైగా అంతర్జాలంలో చందా కట్టి చూసేవి ఆ సంస్థ ఎప్పుడు తీసివేస్తే అప్పుడు పోతాయి. చేతిలో ఉన్న డిస్కును ఎవరూ తీసివేయలేరు.

నిర్వాహకుడు: ఆర్యా, రెండవ మాటకు నేను తలవంచుతున్నాను. అందుకే డిస్కులన్నీ పారవేయమని నేను అనలేదు. మొదటి మాటకు మాత్రం పద్యంలోనే జవాబుంది. ఓపిక లేనినాడు ఏది తీశారో, ఇరవై నిమిషాలే ఉన్ననాడు ఏది పెట్టారో, వ్రాసి ఉంచిన ఆ లెక్క చీటీయే ఏడాది చివర చెబుతుంది. ఒకే రకమైన అరగంట నడకలు ఇరవై ఉంటే అది నానారకం కాదు, ఒకే రకం ఇరవైసార్లు కొనడం.

ఆరవ పూరణ (నిర్వాహకునిది)

పనికి రానిది నీ కైనఁ బరుల కదియె
మొదటి మెట్టగుఁ గద, యాశ మూలకుంచి
ఆడుచున్నట్టి డిస్కుల నర్థి మూట
కట్టి, పెట్టిన వ్యాయామకళయె మేలు

“మూటకట్టి పెట్టిన” అంటే ఇచ్చివేసిన అని నా ఉద్దేశం. ఐదవ పూరణ ముందు ఇది వెలవెలబోతుందని తెలిసే పెట్టాను.

వరంగల్లు సభ్యులు: “అర్థి” వట్టి పాదపూరణమని మీరే మరొకరి పద్యంలోనైతే అనేవారు.

నిర్వాహకుడు: అనేవాడినే. “ఆడుచున్నట్టి” అన్న మాటను మాత్రం వదులుకోను. ఇచ్చేవి ఆడేవై ఉండాలి. గీతలు పడినవీ బూజు పట్టినవీ మూటకట్టి గ్రంథాలయానికి ఇస్తే, మన చెత్తను వారిచేత మోయించినట్లే. చెడిపోయిన డిస్కులు పాలీకార్బొనేటుతో చేసినవి, పైన లోహపు పూత ఉంటుంది. ఇంటి ముందర పెట్టే రీసైక్లింగ్ డబ్బాలో సాధారణంగా వాటిని తీసుకోరు. టేపుల సంగతి ఇంకా కష్టం, వేరుచేసే యంత్రాలకు ఆ రీలు చుట్టుకొంటుంది. రెండింటికీ ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనేవారిని విచారించడం మేలు.

న్యూజెర్సీ సభ్యురాలు: అందరికీ నమస్కారం. ఏడాది లెక్క అని పద్యంలో వ్రాసింది నేనే, కానీ ఇల్లు ఖాళీ చేయవలసింది వచ్చే నెలలో. అందువల్ల మీ మాటలన్నీ కలిపి ఇలా చేయదలిచాను. టేపులలో ఎక్కడా దొరకని మూడింటిని డిజిటల్ చేయించి మిగిలినవి వదిలేస్తాను. డీవీడీల డబ్బాలన్నీ తీసివేసి డిస్కులను తొడుగుల్లో పెడతాను. ఎగురుడువీ, ఒకేలా ఉన్నవీ ముందుగా ఏరి, ఆడేవి గ్రంథాలయానికి ఇస్తాను. వీసీడీలు భీమవరం పిన్నిగారికి. మిగిలిన వాటి మీద తేదీ వేసిన చీటీ అంటిస్తాను. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, మా వారు ఆ చీటీలు చూసి, మూత విప్పని పెట్టెలో తన క్రికెట్ డిస్కులు కూడా ఉన్నాయని, వాటికి ఈ లెక్క వర్తించదని అప్పుడే వాదనకు దిగారు.