గాట్లిన్‌బర్గ్‌కి ఆర్‌వీలో వెళ్తున్నాం, ఊళ్లో నడపడం పార్కింగ్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కమ్మింగ్_వాసి:
అందరికీ నమస్తే. మేముండేది అట్లాంటా దగ్గర కమ్మింగ్. అక్టోబర్‌లో అమ్మానాన్న, మేమిద్దరం, పిల్లలిద్దరూ కలిసి ఆరుగురం స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్‌కి వెళ్దామని 28 అడుగుల క్లాస్ సీ ఆర్‌వీ (ముందు వ్యాన్‌లా ఉండి, వెనక వంటిల్లు, పడకలు, బాత్రూమ్ ఉన్న బండి) రెంట్‌కి బుక్ చేశాను. ఎప్పుడూ కేబినే తీసుకుంటాం కానీ ఈసారి నాన్నకి దారిలో మాటిమాటికీ బాత్రూమ్‌కి ఆపాల్సొస్తోంది, అమ్మకి బయట తిండి పడదు, పప్పు అన్నం వండుకోడానికి వీలుంటుందని ఇలా ప్లాన్ చేశాం. ఇప్పటిదాకా నేను నడిపింది మా ఒడిస్సీ వ్యాన్ మాత్రమే. హైవే సంగతి పర్లేదు, నా దిగులంతా గాట్లిన్‌బర్గ్ ఊరి గురించే, ఆ పార్క్‌వే (ఊరి మెయిన్ రోడ్డు) మీద రెండు పక్కలా జనం, అడుగడుక్కీ క్రాసింగ్, పార్కింగ్ చూస్తే అన్నీ చిన్న చిన్న లాట్లు, గరాజ్‌లు. అంత బండిని ఎక్కడ పెట్టాలి? నాక్స్‌విల్ మీదుగా రావాలా చెరోకీ మీదుగా కొండెక్కి రావాలా? పార్క్‌లో ఉన్న కేడ్స్ కోవ్ లోయకి ఆర్‌వీలోనే వెళ్లొచ్చా?

నాక్స్‌విల్_పిన్ని:
బాబూ, మేమిక్కడే ఉంటాం, వచ్చిన చుట్టాలందర్నీ అక్కడికి తిప్పడం మా పనే, కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, ఊళ్లోకి ఆ బండితో అసలు వెళ్లొద్దు. నడపలేక కాదు, నడిపినా ఆపడానికి చోటుండదు. గరాజ్‌ల్లో ఎత్తు సరిపోదు, మామూలు లాట్లలో 28 అడుగులంటే స్పాట్ దాటి వెనక భాగం దారిలోకి పొడుచుకొస్తుంది. ట్రాలీ (ఊళ్లో తిరిగే బస్సు) రూట్ మీదున్న ఆర్‌వీ పార్క్ చూసి బుక్ చేసుకోండి, 321 రోడ్డు వైపు ఉన్నాయి, బండిని అక్కడ కరెంటు నీళ్లు తగిలించి పెట్టేస్తే మళ్లీ ఇంటికి బయల్దేరే రోజే కదపాలి. గాట్లిన్‌బర్గ్ ట్రాలీ ఫ్రీ. నేషనల్ పార్క్ లోపలి క్యాంప్‌గ్రౌండ్లు ఎంత బావున్నా హుకప్స్ (బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ల కనెక్షన్లు) ఎక్కడా లేవు, పెద్దవాళ్లతో అక్టోబర్ చలిలో అది కష్టం.

దారి మాత్రం నాక్స్‌విల్ మీదుగానే. అందరూ ఐ-40 మీద ఎగ్జిట్ 407లో దిగి సెవియర్‌విల్, పిజన్ ఫోర్జ్ మీదుగా వస్తారు, ఆకులు రంగు మారే రోజుల్లో శుక్రవారం సాయంత్రం ఆ దారి నత్తనడకే. పైగా అటునుంచి వస్తే 321 ఎక్కడానికి గాట్లిన్‌బర్గ్ ఊళ్లోకి దూరి ట్రాఫిక్ లైట్ నంబర్ 3 దగ్గర ఎడమకి తిరగాలి, సరిగ్గా మీరు భయపడుతున్న చోటే. దానికంటే ముందుకెళ్లి ఎగ్జిట్ 440లో దిగి కాస్బీ మీదుగా 321 పట్టుకోండి, ఓ ముప్పై మైళ్లు ఎక్కువైనా ఊరు తగలకుండా తూర్పు వైపు నుంచి ఆర్‌వీ పార్క్‌లోకి వచ్చేస్తారు.

షార్లెట్_శీను:
అన్నా, పిన్ని చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. బండి గురించి నేను రెండు ముక్కలు చెప్తా. గిది వ్యాన్ లెక్క కాదు, వెనక టైర్ల తర్వాత కూడా బాడీ చానా పొడుగుంటది, నువ్వు కుడికి కోసినవంటే తోక ఎడమకి ఊగుతది, పెట్రోల్ బంకుల్ల పంపు పక్కన స్తంభాలకు తగిలేది గక్కడ్నే. బండి తీసుకున్న రోజు ఏదన్న ఖాళీ చర్చి లాట్‌లనో స్కూల్ లాట్‌లనో గంట సేపు తిప్పు, కుడి టర్న్‌కి మామూలు కన్నా ముంగటికి పోయినంకనే స్టీరింగ్ కొయ్యి. రివర్స్ చేసేటప్పుడు వదిన దిగి ఎడమ అద్దంల కనబడేతట్టు నిలవడాలె, కనబడకపోతే బండి ఆపుడే. పెట్రోల్ హైవే మీద ట్రక్ స్టాపులల్లనే కొట్టించు, ఊర్లున్న బంకులు ఇరుకు.

చెరోకీ నుంచి న్యూఫౌండ్ గ్యాప్ కనుమ మీదికెళ్లి వస్తే ఎత్తు 5,046 అడుగులు, ఆర్‌వీలకు పర్మిషనే గానీ మొదటిసారి నడిపేటోనికి వద్దు. ఎప్పుడన్న అట్ల దిగాల్సొస్తే టో-హాల్ బటన్ (దిగేటప్పుడు ఇంజనే బండి స్పీడ్ పట్టి ఉంచేటట్టు చేసేది) నొక్కి లో గేర్‌ల దిగాలె, ఊకె బ్రేక్ తొక్కితే కాలిపోతయ్.

డర్హమ్_బాబాయ్:
ఎత్తు ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డ్‌కి అంటించండి, పైనున్న ఏసీతో కలిపి. మా ఊళ్లో గ్రెగ్‌సన్ స్ట్రీట్ రైలు వంతెన 11 అడుగుల 8 అంగుళాలు ఉండేది, ఎన్ని ట్రక్కుల నెత్తి చెక్కేసిందో లెక్కలేదు, 2019లో 12 అడుగుల 4 అంగుళాలకి పెంచినా ఇంకా తగులుతూనే ఉన్నాయి. హోటల్ పోర్టికోలు, డ్రైవ్ త్రూలు అంతకన్నా తక్కువ, కాఫీ కోసం కూడా దూరొద్దు.

కమ్మింగ్_వాసి:
పిన్నిగారూ, అన్నలూ, చాలా థాంక్స్. కాస్బీ దారి అస్సలు తెలీదు నాకు. ఇంకొక్క డౌట్, బండి క్యాంప్‌గ్రౌండ్‌లో వదిలేస్తే ట్రాలీ ఊరి వరకు సరే, కేడ్స్ కోవ్, కువోహీ కొండ ఎలా? నాన్న ఎక్కువ దూరం నడవలేరు.

నాక్స్‌విల్_పిన్ని:
మీ ఒడిస్సీ ఉందిగా! మీరు ఆర్‌వీ నడపండి, మీ ఆవిడ వ్యాన్‌లో వెనకాలే రావాలి. ఆరుగురూ హాయిగా పడతారు. రోరింగ్ ఫోర్క్ దారిలోకీ, వేర్స్ వ్యాలీ నుంచి పార్క్‌లోకి దిగే వేర్ కోవ్ గ్యాప్ రోడ్డు మీదకీ ఆర్‌వీలని రానివ్వరు, జీపీఎస్ మాత్రం ఆ గ్యాప్ రోడ్డే చూపిస్తుంది, వ్యాన్ అయితే ఈ తలనొప్పేం ఉండదు. కేడ్స్ కోవ్ 11 మైళ్ల వన్ వే, ఆర్‌వీతో కూడా వెళ్లొచ్చు కానీ ఎలుగుబంటి కనిపించిందంటే ముందు కార్లన్నీ ఆగిపోతాయి, మీరు వెనక్కీ రాలేరు పక్కకీ పోలేరు. మే నుంచి సెప్టెంబర్ దాకా బుధవారాలు అక్కడ బళ్లు నిషేధం, మీది అక్టోబర్ కాబట్టి ఇబ్బంది లేదు. కువోహీ అంటే పాత క్లింగ్‌మన్స్ డోమ్, టవర్ దాకా అర మైలు నిట్టనిలువు ఎక్కుడు, నాన్నగారికి అది వద్దు, పార్కింగ్ దగ్గర్నుంచే కొండలన్నీ కనిపిస్తాయి, అక్కడే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పార్క్‌లో 15 నిమిషాలు దాటి ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి, వారానికి 15 డాలర్లు, బండికొకటి, వ్యాన్‌కి తీసుకుంటే చాలు.

షార్లెట్_శీను:
అన్నా ఇంకొకటి మర్చిపోయిన, ఆర్‌వీ పార్క్‌ల మీ సైట్‌కు కరెంటు 30 ఆంప్‌దే అయితే హీటర్, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ ఒక్కసారే పెట్టకుర్రి, బ్రేకర్ పడిపోతది. అమ్మకు ముందే చెప్పు, బండిల ఉన్న గ్యాస్ పొయ్యి మీదనే వండుమను, కిటికీ తెరిచి, పైన ఫ్యాన్ వేసి.